చిలక కనపడే వెలుగు

రేపల్లె,
జూన్ 9.

జమీలాకు సుబ్బరత్నం రాసుకునేది.

నువ్వూ, నీ కొడుకూ కోడలూ బాగున్నారని తలుస్తాను. మేం బాగున్నాం అని రాయబోయి ఆగాను. అలా రాసిన వారమే మాకు ఏదో ఒకటి అవుతుంది. అందుకని ఉన్నాం అని రాస్తున్నాను. పోయిన ఉత్తరం అందిందా? డబ్బాలో వేశాక అడుగుదాకా పడలేదేమోనని అనుమానమొచ్చి మళ్ళీ వెళ్ళి డబ్బాను తట్టి వచ్చాను. ఫోను చెయ్యమంటావు. ఆ చెవి మిషను పెట్టుకుంటే నీ మాటకు బదులు ఈల వినపడుతుంది. నాకు ఉత్తరమే నయం. రెండుసార్లు చదువుకోవచ్చు.

మా రమేష్ బాబు కూతురు స్నేహ తెనాల్లో ఫొటో స్టూడియో పెట్టింది కదా. అక్కడ టాటూల షాపు ఒకటి వచ్చిందట. టాటూ అంటే మన పచ్చబొట్టే, ఏసీ గదిలో కూర్చోబెట్టి మిషనుతో పొడుస్తారట, అంతే తేడా. పొడిపించుకున్న వాళ్ళకు ఫొటోలు తీసేది మన స్నేహే. పోయిన ఆదివారం వచ్చి, "నాయనమ్మా, నీ చేతి మీద చిలకను కూడా రేపు తీస్తానే" అంది.

నేను ఊరుకున్నానా? చిలక ముసలిదైపోయింది, కాస్త నిగారింపు రావాలని ముందురోజు సాయంత్రం నుంచీ కొబ్బరినూనె పట్టించాను. పొద్దున్నే మళ్ళీ పట్టించాను. పైన కాస్త పసుపు కూడా. స్నేహ కెమెరాకి పైన లైటు తగిలించి టక్కుమనిపించింది. ఆ వెలుగుకి రంగు వెలిసిపోతుందేమోనని చేయి వెనక్కి లాక్కున్నాను. తీరా ఫొటో చూస్తే చిలక లేదు! చిలక ఉండాల్సిన చోట ట్యూబులైటు ముక్క అతికించినట్టు తెల్లగా మెరుపు. అది నా చేయి పట్టుకు చూసి, "ఏం పూశావే దీనికి? గారెలు వేయించిన బాండీలా ఉంది" అని ఒకటే నవ్వు.

మళ్ళీ తీస్తుందట. ఒక మాట అడుగుతాను, కోప్పడకు. నా చిలక ఒక్కదాన్నే తీస్తే ఎటో చూస్తున్నట్టుంటుంది. దాని ఎదురుది నీ కుడిచేతి మీద ఉంది కదా. రెండూ కలిపి తీయించుకుందామా? ఏదో తోచి రాశాను.

ఇక్కడ ఎండలు తగ్గలేదు. మామిడికాయ పచ్చడి పెట్టారు గానీ నేను ముట్టుకోవడం లేదు, ఉప్పు మానేశాను. జవాబు రాయి. ఆలస్యమైతే నాకు నిద్ర పట్టదు.

సుబ్బరత్నం.

బాపట్ల,
జూన్ 18.

సుబ్బులుకి జమీలా సలాము.

ఉత్తరం అందింది. నువ్వు తట్టిన డబ్బా భయపడి వెంటనే పంపినట్టుంది, మూడో రోజుకే వచ్చింది.

నూనె సంగతి చదివి మా ముబీనాకు కూడా వినిపించాను. నా మనవరాలు నవ్వే రకం కాదు, అదీ నవ్వింది. నువ్వు మారలేదే. బడిలో ఫొటో తీసినప్పుడు కూడా అంతే. తలకు నూనె పెట్టుకుని వచ్చావు, ఫొటోలో నీ నుదురు ఒక్కటే కనపడింది. మాస్టారు దాన్ని చూపించి అమావాస్య లేని బడి అన్నారు, గుర్తుందా?

నువ్వు అడిగినదానికి జవాబు. నా చేతి మీద చిలక లేదు. ఆ సంగతి నీకు తెలుసు. అరవై నాలుగేళ్ళలో ఒక్కసారీ మనిద్దరం దాని ఊసెత్తలేదు. నీ పెళ్ళికి వచ్చాను, నా పెళ్ళికి నువ్వు వచ్చావు, పిల్లల బారసాలలకు వచ్చిపోయాం, ఎన్నడూ ఎత్తలేదు. ఇప్పుడెందుకు ఎత్తావు?

ఇంకోటి. పచ్చడి లేకపోతే అన్నం సయించని దానివి, ఉప్పు ఎందుకు మానేశావు? ఉత్తరం చివర్లో, ఎండల సంగతి చెప్పినట్టు, అలా జార్చేస్తే నేను చూడకుండా పోతాననుకున్నావా?

సరిగ్గా రాయి.

జమీలా.

రేపల్లె,
జూలై 1.

జమీలాకు,

నీ ఉత్తరం రెండు రోజులు దిండు కింద పెట్టుకుని తిరిగాను. ముందు ఫొటోల సంగతి రాస్తాను, అది తేలిక.

స్నేహ మళ్ళీ వచ్చింది. ఈసారి శనగపిండితో చేయి తోమించింది, నూనె సీసా దాచేసింది. హాల్లో ట్యూబులైటు కింద తీస్తే నా చేయంతా పచ్చగా పడింది. చిలకా పచ్చ, చెయ్యీ పచ్చ, అందులో ఇది కలిసిపోయింది. పన్నెండింటి ఎండలో దొడ్లో నిలబెట్టి తీస్తే నరాలూ ముడతలే కనపడ్డాయి, చిలక వాటిలో దాక్కుంది. "పాత పచ్చబొట్టు తీయడం ఇంత కష్టమా!" అని అదే విసుక్కుంది. కొత్తగా పొడిచినవి నల్లగా ఉంటాయట, ఏ లైటు పెట్టినా మెరుపు ఒక్కటీ తప్పిస్తే చాలట. పాతవి చర్మంలోకి దిగిపోయి నీలంగా, పలచగా అయిపోతాయి. వాటికి పక్కనుంచి లైటు పెడితే ముడత లేస్తుంది, ఎదురుగా పెడితే మెరుస్తుంది. మబ్బు పట్టిన పొద్దున, ఉత్తరం వైపు గుమ్మంలో, ఎండ తగలకుండా వచ్చే వెలుతురు కావాలంది.

అది అలా అనగానే నాకు ఆ రోజు గుర్తొచ్చింది జమీలా. ఆ పచ్చబొట్లావిడ కూడా అదే అంది కదే! తెనాల్లో కాలవగట్టు దగ్గర మా ఇంటి అరుగు. మనం ఎండలో కూర్చుంటే మనల్ని ఉత్తరం గోడ పక్కకి జరిపింది. "ఎండ మెరిస్తే సూది గీత తప్పుద్ది తల్లీ, నీడెలుగులో కూకోండి" అంది. తాటాకు బుట్ట, అందులో మూడు సూదులు కలిపి దారంతో కట్టిన కట్ట, కొబ్బరిచిప్పలో దీపం మసీ ఆకు పసరూ. ఆ పసరు వాసన ఇప్పటికీ ఎక్కడైనా పచ్చి ఆకు నలిగితే వస్తుంది నాకు.

ఇంక రెండోది. నా మూత్రపిండాలు పని తగ్గించాయట. రక్తం మిషనుతో కడగాలట, వారానికి రెండుసార్లు. దానికి గుంటూరు ఆసుపత్రిలో ఎడమచేతి మణికట్టు దగ్గర కోసి నరానికి నరం కలుపుతారు. ఆగస్టు పద్నాలుగుకి రమ్మన్నారు. కుడిచేతికి చెయ్యకూడదా అని అడిగాను. అన్నం తినే చేయి వదిలేస్తారట. కోత సరిగ్గా చిలక మీదే పడుతుంది. తర్వాత నరం ఉబ్బి చెయ్యే మారిపోతుందట. డాక్టరు చిన్నవాడు, మంచివాడు, "చిలక కోసం పక్కకి జరపలేనమ్మా, నరం అక్కడే ఉంది" అన్నాడు.

నీకు చెప్పకూడదనుకున్నాను. నువ్వు దిగులు పడతావని కాదు. నువ్వు దిగులు పడవు, ఆ పని నాది. చెబితే, జాలిపడి ఒప్పుకుంటావని. జాలితో ఒప్పుకోవడం నాకు వద్దు.

సుబ్బరత్నం.

బాపట్ల,
జూలై 8.

సుబ్బులూ,

చదవగానే ముందు నీ మీద కోపమొచ్చింది. కోపం తగ్గాక స్టేషనుకి వెళ్ళి రేపల్లె రైళ్ళ వేళలు కనుక్కుని వచ్చాను. మోకాళ్ళు నన్ను చూసి నవ్వాయి. రక్తం కడగడం ఇప్పుడు మామూలే. మా వీధిలో వెంకటకృష్ణయ్య గారు ఆరేళ్ళుగా చేయించుకుంటున్నారు, వస్తూ వస్తూ దారిలో కూరలు కొనుక్కుని మరీ వస్తారు. నువ్వు పోతావని మాత్రం అనుకోకు. అంత తొందరగా పోయేదానివైతే దిగులుతో ఎప్పుడో పోయేదానివి.

చిలక గురించి మాత్రం విను. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పనిది రాస్తున్నాను.

ఆ సాయంత్రం అమ్మ నా చేయి చూసింది. కొట్టలేదు. అందరూ కొట్టిందనుకున్నారు. మన మతంలో ఒంటి మీద గుర్తులు వేయించుకోకూడదే, రేపు నీకు సంబంధం ఎలా వస్తుందే అంటూ తడి సున్నం తెచ్చి రాసి గుడ్డ కట్టింది. తెల్లారి గుడ్డ విప్పితే తోలు వచ్చేసింది. మూడు నెలలు పుండు మానలేదు. మానాక అక్కడ ఎండిన చెరువు మట్టిలా అయింది.

పెళ్ళయ్యాక మా ఆయన టైలరు కావడం నా అదృష్టం. నలభై ఏళ్ళు నా జాకెట్లన్నిటికీ మణికట్టు దాకా చేతులు కుట్టారు. ఎందుకని నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. ఒకసారి మాత్రం కొలత తీస్తూ, "కుడిచేయి అరంగుళం వదులు పెడుతున్నాలే, లోపల ఉన్నదానికి ఊపిరాడాలిగా" అన్నారు. అంటే తెలుసన్నమాట. "చిన్నప్పుడు తెలియక చేసిన పనికి అల్లా పట్టుకోడు" అన్నారు. ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది. ఇప్పుడు రెడీమేడ్ జాకెట్టు చేతులు నాకు ఎప్పుడూ పొట్టే.

అందుకని సుబ్బులూ, కాలిన తోలును పక్కన పెట్టుకుని ఫొటో తీయించుకుంటే నీకేం ఒరుగుతుంది? మీ స్నేహ కంప్యూటర్లో నీ చిలకనే తిప్పి ఎదురుగా పెట్టగలదు. ముబీనా చెప్పింది, నిమిషం పని అట. అలా చేయించుకో.

మాత్రలు వేళకు వేసుకో.

జమీలా.

రేపల్లె,
జూలై 16.

జమీలా,

కంప్యూటరు చిలక నాకు వద్దు. అది నా చిలకే కదా, అద్దంలో చూసుకున్నట్టుంటుంది. నీది కాదు.

ఇది రాయడానికి కోడలు బజారుకి వెళ్ళేదాకా ఆగాను. ఎవరైనా భుజం మీదుగా చూస్తారని భయం. అక్షరాలు సరిగ్గా లేకపోతే ఊహించి చదువుకో. మూడో తరగతి చదువు నాది.

ఆ రోజు మా మామ్మ నాకు జంట చిలకలు వెయ్యమని చెప్పింది. ఒకటి వేసేసరికి నేను వీధంతా వినపడేలా ఏడ్చాను. చేయి లాక్కున్నాను. ఆవిడ సూదులు దించలేదు. "జంట మొదలెట్టి ఒకటేసి లేస్తే నా సేతికి మంచిది కాదు, రెండోది పడాల్సిందే" అంది. వాళ్ళలో అదొక కట్టుబాటట. మామ్మ పసుపు తేవడానికి లోపలికి వెళ్ళింది. నేను నీ వైపు చూశాను. నువ్వు గబుక్కున నీ కుడిచేయి నా ఎడమచేయి పక్కన పెట్టి, "ఇది దీని పక్కనే ఉంది కదా, దీనికెయ్యి" అన్నావు. ఒక్క చుక్క కన్నీరు రాలేదు నీకు. మామ్మ వచ్చేసరికి ముక్కూ కన్నూ అయిపోయాయి.

ఇదంతా నీకు తెలుసు. నీకు తెలియనిది చెబుతాను. సాయంత్రం మీ అమ్మ గోడ అవతలనుంచి పిలిచి, "దీనికి ఎవరు వేయించారే?" అని నన్నే అడిగింది. నేను తలుపు కర్టెను వెనక నిలబడి, "అదే అడిగి వేయించుకుంది పిన్నీ" అన్నాను. నా కోసం వేయించుకుందని అనలేదు. ఆ మాట చెబితే మీ అమ్మ సున్నం తెచ్చేది కాదేమో. నీ చెయ్యి నా మాట వల్లే కాలింది జమీలా. అరవై నాలుగేళ్ళుగా నీ పొడుగు చేతుల జాకెట్టు కనపడినప్పుడల్లా నాకు ముద్ద దిగేది కాదు. నిన్ను చూడాలని వచ్చేదాన్ని, చూడగానే పారిపోవాలనిపించేది.

నా చేయి కోస్తారనగానే ముందు వచ్చిన ఆలోచన ఇదే. ఇద్దరి చేతుల మీదా ఉన్నది పోతే, చెప్పడానికి ఇంక చోటే ఉండదని. ఫొటో ఒక వంక. కాదు, ఫొటో కూడా కావాలి.

నువ్వు జవాబు రాయకపోయినా నేనేమీ అనుకోను. అబద్ధం, అనుకుంటాను. రాయి.

సుబ్బరత్నం.

బాపట్ల,
జూలై 22.

ఒసే పిచ్చిదానా,

గోడ ఇవతల అమ్మ కొంగు పట్టుకుని నేనూ ఉన్నాను. నువ్వన్నది విన్నాను.

అప్పటికే అమ్మకి నేనూ అదే చెప్పాను, నేనే అడిగి వేయించుకున్నానని. నీ కోసమని తెలిస్తే మళ్ళీ మీ అరుగెక్కనిచ్చేదా? అమ్మ నమ్మక, నీ నోటితో వినాలని నిన్ను పిలిచింది. నువ్వేం చెబుతావోనని గుండె చేత్తో పట్టుకుని నిలబడ్డాను. నువ్వు సరిగ్గా నేను చెప్పిన మాటే చెప్పావు. హమ్మయ్య, సుబ్బులు మాట కలిపింది అనుకున్నాను. సున్నం మండుతున్నా ఆ సంతోషం పోలేదు. పుండు కట్టుతోనే మీ అరుగు మీద గచ్చకాయలు ఆడాను, ఎడమచేత్తో. నీ మీదే గెలిచాను కూడా.

నువ్వు దీన్ని ఇన్నేళ్ళు మోశావా? ఒక్క ముక్క అడిగి ఉంటే ఏమయ్యేది!

ఆగస్టు నాలుగు, ఆదివారం. పొద్దున పాసింజరుకి ముబీనా నన్ను తెనాలి తీసుకొస్తుంది. స్నేహకు చెప్పు: మొహాలు పడకూడదు, చేతులే. షాపులో పెట్టకూడదు, ఫోనుల్లో తిప్పకూడదు. జాకెట్టు చెయ్యి మడవడం సంగతి అక్కడికి వచ్చాక చూద్దాం, ఇప్పుడే మాటివ్వను.

నూనె ముట్టావో, వచ్చిన రైల్లోనే వెనక్కి పోతాను.

జమీలా.

రేపల్లె,
ఆగస్టు 6.

జమీలా,

క్షేమంగా చేరావా? రైలు కదిలాక నువ్వు కూర్చున్న పెట్టె తలుపు తెరిచే ఉందని గుర్తొచ్చింది. నువ్వు తలుపు దగ్గర కూర్చోలేదు కదా?

రెండోసారి నువ్వు కళ్ళు మూసుకునే ఉన్నావు కాబట్టి, ఏం జరిగిందో నీకు సగమే తెలుసు. ముందు స్నేహ పక్కనుంచి ఒక్క దీపం పెట్టి తీసింది, నీకు గుర్తుందిగా. తెర మీద నీ చేయి చూశాను. గీతగీతకీ నీడ పడి, మచ్చ లేచి వచ్చింది. చిలక జాడే లేదు. నువ్వు ఒక్కసారి చూసి, "చెప్పానా?" అని చెయ్యి దించుకుని చెప్పులు వెతుక్కున్నావు. నా ప్రాణం పోయినంత పనైంది.

స్నేహ నీ మోకాళ్ళ ముందు కూర్చుంది. "జమీలా నాయనమ్మా, ఈ లైటు తోలు మీదున్న దాన్ని చూపిస్తుంది. పచ్చబొట్టు తోలు లోపల ఉంటుంది. దానికి వేరే వెలుగు కావాలి. ఇంకొక్కసారి" అని లైట్లన్నీ ఆర్పేసింది. ఉత్తరపు గుమ్మం తెరిచింది. బయట మబ్బు. ఈ పక్కన తెల్ల పంచె ఒకటి వేలాడదీసింది, వెలుగు తిరిగొచ్చి నీడల్ని నింపుతుందట. నీ ఎడమ పక్కన నేను కాదు, నా ఎడమ పక్కన నువ్వు, అప్పటిలాగే. నువ్వు కళ్ళు మూసుకున్నావు. నీ చేయి చల్లగా ఉంది.

అది తీసి, చూసి, కెమెరా నా చేతికిచ్చింది. జమీలా, మచ్చ పడుకుంది! తోలంతా ఒకే మాదిరిగా మెత్తబడి, దాని కింద నీళ్ళ అడుగున ఉన్నట్టు నీలంగా ముక్కు, కన్ను, తోక చివర. మధ్యలో ఒళ్ళు పోయింది. పోతే పోయింది, అది నా దాని వైపే చూస్తోంది. నేను ఏడిస్తే, "అప్పుడూ నువ్వే ఏడ్చావు, ఇప్పుడూ నువ్వే. నాకు ఎప్పుడూ వంతు రానివ్వవు" అన్నావు. స్నేహ ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతోంది.

ఆ రెండో ఫొటో అచ్చు వేయిస్తోంది. మొదటిది తీసెయ్యమన్నావని చెప్పింది. నిజంగా తీసెయ్యమంటావా? నువ్వు చెప్పేదాకా ఆగమన్నాను.

ఇంక ఎనిమిది రోజులు. రోజూ చిలకను చూసుకుంటున్నాను.

సుబ్బరత్నం.

బాపట్ల,
ఆగస్టు 10.

సుబ్బులూ,

తలుపు దగ్గర కూర్చోలేదు. ముబీనా కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. చుండూరు దాటేదాకా నాట్లు వేసే చేలు చూస్తూ వచ్చాను. జాకెట్టు చెయ్యి దింపుకోవడం మర్చిపోయానని ఇంటికొచ్చాక కోడలు చెప్పింది.

మొదటి ఫొటో తీసెయ్యొద్దు. నాకు పంపు. ఆ వేళ సరిగ్గా చూడలేకపోయాను, తర్వాత ఆలోచించాను. సున్నం రాస్తూ అమ్మ పక్కనే కూర్చుని ఊదుతూనే ఉంది. తన పెదాలు పగిలిపోయేదాకా ఊదింది. తానూ అన్నం తినలేదు. అమ్మది నా దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు, ఆ రోజుల్లో తీయించుకునేవాళ్ళు కాదు కదా. ఆ మచ్చ అమ్మ చేత్తో వేసింది. కాబట్టి అదీ నాదే.

చిలకల ఫొటో కూడా ఒకటి పంపు. రెండూ కావాలి.

ఆసుపత్రికి ధైర్యంగా వెళ్ళు. దిగులు పడతావు ఎలాగూ. కాస్త తగ్గించి పడు.

జమీలా.

రేపల్లె,
సెప్టెంబరు 12.

జమీలాకు,

కుడిచేత్తోనే రాస్తున్నాను, కంగారు పడకు. ఇన్నాళ్ళూ రాయనిది భయంతో కాదు, స్నేహ ఫొటోలకు పటం కట్టించేదాకా ఆగాను. ఈ ఉత్తరంతో పాటు నీవి రెండూ వస్తాయి. గాజు పగలకుండా పాత చీర చుట్టించాను. అయినా పోస్టువాడు విసిరేస్తాడేమోనని భయంగానే ఉంది.

కుట్లు విప్పారు. కోత చిలక మెడ మీదుగా పోయింది. నరం ఉబ్బి పొట్ట దగ్గర లావెక్కింది, ఇప్పుడది బాగా తిన్న చిలకలా ఉంది. ముందు చూసుకున్నప్పుడు కళ్ళు తిప్పేసుకున్నాను. తర్వాత గోడ మీద ఫొటో చూశాను. ఫరవాలేదనిపించింది.

ఒక వింత చెబుతాను. రోజూ పొద్దున్నే కోత మీద వేళ్ళు పెట్టి చూసుకోమన్నాడు డాక్టరు. లోపల రక్తం పరుగెత్తుతుంటే బుర్రుమని అదురుతూ ఉండాలట, అది ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టట. మొదటిరోజు వేలు పెట్టగానే ఉలిక్కిపడ్డాను. గుప్పిట్లో పిట్టను పట్టుకుంటే దాని గుండె కొట్టుకున్నట్టుంది జమీలా. చెవికి మిషను పెట్టినా ఈల తప్ప ఏదీ వినపడని దాన్ని, ఇది మాత్రం వేలికి వినపడుతోంది.

అరవై నాలుగేళ్ళు నోరు మూసుకుని కూర్చున్న చిలక ఇప్పుడు రోజంతా మాట్లాడుతోంది.

నీ మోకాళ్ళు ఎలా ఉన్నా సరే, ఒకసారి రా. నీ చేయి దాని పక్కన పెట్టి విందువుగాని.

సుబ్బులు.